ఇల్లు తాళము వేసినప్పుడు బ్యాటరీకి ఎండ కాపు
(సౌర చార్జరును గూర్చి ఒక పాఠము)

పోయిన సంక్రాంతి తరువాత మేము భివండీ వెళ్లి, పద్మనగరులో మా బావమరిది ఇంట నాలుగు రోజులు ఉన్నాము. మొదటి రాత్రి భోజనములకు కూర్చున్నప్పుడే కరెంటు పోయినది. గోడవార ఇన్వర్టరు ఒక్కసారి కూత పెట్టి ఊరుకున్నది, బల్బు వెలుగలేదు. కొవ్వొత్తి వెలిగించుచు మా బావమరిది అడిగినాడు: “బావా, ఈ బ్యాటరీ కొని రెండేండ్లు గూడ నిండలే. ఈడ కరెంటు పోయేదే తక్కువ. దీనికి నేను పనే చెప్పలే. పని చెయ్యకుండనే ఎట్ల సచ్చింది?”

ఈ ప్రశ్న ఆయన ఒక్కనిది కాదు. ఆ నాలుగు రోజులలో ఆ వీధిలోనే మరి ముగ్గురు ఇదే మాట అన్నారు. సిరిసిల్ల, సోలాపురము వైపు నుండి వచ్చు సభ్యుల నోట కూడ వింటూనే ఉన్నాము. కావున ఈ సంచికలో నూలు, రంగుల పాఠమును ఒక నెల పక్కకు పెట్టి, బ్యాటరీ ఎందుకు చచ్చును, ఎండతో దానిని ఎట్లు కాపాడుకొనవచ్చును అన్న సంగతి వ్రాయుచున్నాము. మేము ఇంజనీరు కాము. మా సంఘము డబ్బుతో రెండు బ్యాటరీలను పాడు చేసిన పిమ్మట, చదివి, అడిగి, చేతితో చేసి నేర్చుకొన్నంత వరకే ఇందు ఉన్నది.

భివండీ సంగతి తెలియని వారికి ఒక మాట. ఆ ఊరిలో మునుపు కరెంటు కోత పెద్ద బాధ. సాంచెలు గంటల తరబడి నిలిచిపోయేవి. 2007 జనవరి 26 నుండి అచ్చటి విద్యుత్తు పంపిణీని టోరెంట్ పవర్ కంపెనీ మహారాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ తరఫున ఫ్రాంచైజీగా చేపట్టినది. తరువాత కోతలు తగ్గినవి. అది మంచిదే. కాని కోత ఉన్న కాలములో కొనుటకు అలవాటుపడిన ఇన్వర్టర్లు, జనరేటర్లు ఇండ్లలోను కార్ఖానాలలోను అట్లే ఉండిపోయినవి. పని లేని బ్యాటరీలు వాటి వెంట మిగిలినవి. వాడని వస్తువు కొత్తగానే ఉండునని మనము అనుకొందుము. వాడని మగ్గమును చెద తిన్నట్లే వాడని బ్యాటరీని కూడ ఒకటి తినును. ఆ తినునది ఏదో ముందు తెలిసికొందము.

ఇన్వర్టరులో వాడు సీసపు బ్యాటరీ చాల పాతకాలపు వస్తువు. 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే దీనిని మొదట తయారు చేసినాడు. రూపము మారినను లోపలి సూత్రము ఈనాటికి అదే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉండును. ఒక్కొక్క గదికి రెండు వోల్టులకు కొంచెము పైన. ప్రతి గదిలోను రెండు రకముల పలకలు, వాటి మధ్య నీరు కలిపిన గంధకామ్లము ఉండును. ధన పలకపై సీసపు డయాక్సైడు, ఋణ పలకపై మెత్తని సీసము. మనము బల్బు వెలిగించినప్పుడు ఆమ్లములోని గంధకపు భాగము రెండు పలకలకును పట్టి, రెండింటిపైనను సీసపు సల్ఫేటు అను తెల్లని పూత ఏర్పడును. ఆమ్లము పలుచనై నీరు వంటిది అగును. చార్జి చేసినప్పుడు ఆ పూత కరిగి, గంధకము తిరిగి ఆమ్లములోనికి పోవును.

ఈ పూతయే అంతటికి కీలకము. పడుగుకు గంజి పట్టించు మన ఇండ్ల వారికి ఇది చెప్పుట సులభము. గంజి పచ్చిగా ఉన్నప్పుడు వేలు తగిలినను వదలిపోవును. అదే గంజి అంటిన గిన్నెను కడుగక పది రోజులు ఎండలో పెట్టి చూడుడు, గోకినను రాదు. సీసపు సల్ఫేటు కూడ అంతే. అప్పుడే ఏర్పడిన పూత సన్నని పలుకులుగా ఉండును, చార్జి తగిలిన వెంటనే కరగిపోవును. బ్యాటరీని ఖాళీగా వారముల తరబడి వదలినచో ఆ పలుకులు పెరిగి పెద్దవై గట్టిపడును. ఆ పిమ్మట ఎంత చార్జి పెట్టినను కొంత భాగము కరగదు. ఎంత కరగలేదో అంత బలము పోయినట్లే. బజారులో దీనినే ‘సల్ఫేషన్ వచ్చింది’ అని అందురు.

మరి మనము వాడనే లేదు గదా, ఖాళీ ఎట్లయినది? సీసపు బ్యాటరీ తీగలు ఏవియు తగిలించకపోయినను తనంతట తాను కొద్దికొద్దిగా దిగిపోవును. చల్లని చోట తక్కువ, వేడిలో ఎక్కువ. సుమారు పది డిగ్రీల వేడి పెరిగినచో ఈ దిగుడు రెట్టింపు అగునని లెక్క. రేకుల కప్పు కింద భివండీ వేసవిలో నెలకు నూటికి 5 నుండి 10 వంతుల వరకు పోవచ్చును. 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో అది నెలకు 7.5 నుండి 15, అనగా రోజుకు పావు నుండి అర ఆంపియర్-గంట. చూచుటకు చాల తక్కువ. కాని ఊరిలో పెండ్లిండ్లని ఏప్రిలులో పోయి, బడులు తెరుచు జూనులో తిరిగి వచ్చు కుటుంబమునకు అది రెండు నెలల దిగుడు. పైగా, ఇది ఒక్కటే అయినచో మా బావమరిది బ్యాటరీ అంత త్వరగా చచ్చియుండదు. అసలు దొంగ వేరొకటి ఉన్నది. దానిని మేము మా సొంత నష్టముతో పట్టుకొన్నాము.

2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు మా సంఘపు ఆఫీసుకు తాళము వేసినాము. నిప్పు భయముచేత, పోవునప్పుడు మెయిన్ స్విచ్చి కట్టివేసినాము. జాగ్రత్తపరులమని మనసులో మెచ్చుకొన్నాము కూడ. ఇన్వర్టరును మాత్రము ఆపలేదు. మెయిన్ కట్టగానే అది ‘కరెంటు పోయినది’ అనుకొన్నది. వెనుక గదిలో మరచిపోయిన ఒక బల్బుకు, ఇంటర్నెట్టు పెట్టెకు బ్యాటరీ నుండి కరెంటు ఇచ్చుట మొదలుపెట్టినది. ఇచ్చి ఇచ్చి, ఇక ఇవ్వలేనని తానే ఆగిపోయినది. అట్లు అడుగంటిన బ్యాటరీలు రెండు నెలలకు పైగా ఎండాకాలమంతయు ఖాళీ కడుపుతో పడియున్నవి. తాళము తీసి చూచిన నాడు మీటరు 10 వోల్టులు కూడ చూపలేదు. మూడు రోజులు చార్జి పెట్టినాము. ఎక్కినట్లే ఎక్కి, ఒక్క ఫ్యాను వేయగానే దిగిపోయినవి. 150 ఆంపియర్-గంటల రెండు బ్యాటరీలు పాత సీసము ధరకు పోయినవి. సర్వసభ్య సమావేశములో ఒక పెద్దమనిషి లేచి, “సెక్రెటరీ గారూ, దీపము ఆర్పి తలుపు వేసినారు, పొయ్యి మాత్రము మండనిచ్చినారు” అన్నాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయినది.

మా బావమరిది చేసినదియు ఇదే. రెండు వేసవులు మెయిన్ కట్టి, ఇన్వర్టరు ఆపక ఊరికి వచ్చినాడు.

కావున సౌర చార్జరు కొనుటకు ముందు, ఖర్చు లేని పని ఒకటి చేయవలెను. ఇల్లు విడిచిపోవునాడు బ్యాటరీ నిండుగా ఉన్నదని చూచుకొని, ఇన్వర్టరును దాని స్విచ్చి వద్దనే ఆపి, తరువాత మెయిన్ కట్టి, బ్యాటరీ నుండి ఇన్వర్టరుకు పోవు తీగలలో ఋణ తీగను విప్పి గుడ్డ చుట్టి పక్కన పెట్టవలెను. విప్పకపోయినచో ఆపినట్లు కనబడు ఇన్వర్టరు కూడ లోపల కొంత కరెంటును తాగుచునే ఉండవచ్చును. ఒక నెల లోపల తిరిగి వచ్చువారికి ఇంతే చాలును. అంతకు మించి పోవువారికి, లేక ఎప్పుడో గాని నడవని జనరేటరు ఉన్నవారికి సౌర చార్జరు అక్కరకు వచ్చును.

ఇక్కడ ఒక భేదము గట్టిగా పట్టుకొనవలెను. బ్యాటరీని నింపుట వేరు, నిండిన దానిని నిండుగా ఉంచుట వేరు. మనము చెప్పుచున్నది రెండవది. కుండ నింపుటకు బిందెలు కావలెను. నిండిన కుండలో ఆవిరైన నీటికి చెంబు చాలును. చెంబుతో ఖాళీ కుండ నింపబోయి, ‘సౌర చార్జరు పనికిరాదు’ అని తిట్టువారిని మేము చూచినాము.

చెంబు ఎంత ఉండవలెనో లెక్క వేయుదము. 12 వోల్టుల బ్యాటరీకి తగిన సౌర పలకలో సాధారణముగా 36 గళ్లు వరుసగా కలిపి ఉండును. నిండు ఎండలో పని చేయునప్పుడు అది సుమారు 18 వోల్టులు ఇచ్చును. 10 వాట్ల పలక నుండి 0.55 ఆంపియరు వచ్చును. మంచి ఎండ రోజున నాలుగు గంటల నిండు ఎండకు సమానమైనది దొరికినను రెండు ఆంపియర్-గంటలు. ధూళికి, తీగలకు, చార్జీలో పోవు దానికి తీసివేసినను ఒకటిన్నర మిగులును. మనకు కావలసినది అర. కావున ఎండాకాలములో 10 వాట్లు చాలును. భివండీ వానలు మీరెరుగుదురు. జూను నుండి సెప్టెంబరు వరకు కొన్ని వారములు సూర్యుని ముఖమే కనబడదు. మబ్బు దట్టముగా ఉన్న రోజున పలక ఇచ్చునది నాలుగవ వంతుకు, అంతకంటెను తక్కువకు పడిపోవును. అందుచేత ఆ ఊరిలో 150 ఆంపియర్-గంటల బ్యాటరీకి 20 వాట్ల పలక పెట్టుకొనుడని మేము చెప్పుదుము.

ఇన్వర్టరును విప్పక తగిలించి ఉంచి, పలక పెట్టినాము గదా అని ధీమాగా ఉన్నచో ఏమగును? పని లేకుండ వెలుగుచు ఉన్న ఇన్వర్టరు తన కొరకే అర ఆంపియరు తాగునని అనుకొందము. రోజుకు 12 ఆంపియర్-గంటలు. మన 20 వాట్ల పలక మంచి ఎండలో ఇచ్చునది మూడు, నాలుగు. చెంబుతో పోయుచుండగా కుండకు చిల్లి ఉన్నట్లు. తీగ విప్పుమని మళ్లీ మళ్లీ చెప్పుట ఇందుకే.

ఇంటి కప్పుపై కరెంటు కొరకు ఇప్పుడు అమ్ముచున్న పెద్ద పలకలు వేరు. వాటి వోల్టేజి 12 వోల్టుల బ్యాటరీకి సరిపడదు, సాదా కంట్రోలరుతో తగిలించినచో సగము శక్తి వృథా. సెకండ్ హ్యాండులో చవకగా దొరికినదని తెచ్చుకొనరాదు. వెనుక అంటించిన చీటీలో గరిష్ఠ శక్తి వద్ద వోల్టేజి 17, 18 అని ఉన్నదా చూచి కొనవలెను.

పలకకును బ్యాటరీకిని నడుమ కంట్రోలరు అను చిన్న పెట్టె ఉండును. పలక తనంతట తాను ఆగదు. బ్యాటరీ నిండినను పోయుచునే ఉండును. 20 వాట్ల పలక ఇచ్చు ఒక ఆంపియరు పెద్ద బ్యాటరీని వెంటనే పాడు చేయదు గాని, మనిషి లేని ఇంటిలో నెలల తరబడి నీరు ఆవిరి చేయును. కంట్రోలరు మొదట వోల్టేజిని 14.4 వరకు ఎక్కనిచ్చి, కొంతసేపు అక్కడ నిలిపి, తరువాత 13.5, 13.8 నడుమకు దించి ఉంచును. రాత్రివేళ బ్యాటరీ నుండి పలకలోనికి కరెంటు వెనుకకు పారకుండ ఆపుటయు దాని పనియే. చిన్న కంట్రోలరు కొద్ది వందల రూపాయలకే దొరకును. వాటిలో కొన్నింటిపై ‘ఎం.పి.పి.టి.’ అని పెద్ద అక్షరములతో ముద్రించి ఉండును. లోపల సాదా సరుకే. మన చిన్న పనికి సాదాది చాలును, పేరుకు ఎక్కువ డబ్బు ఇవ్వనక్కరలేదు. తెచ్చిన వెంటనే ఒక ఎండ రోజున, నిండిన బ్యాటరీకి తగిలించి, మల్టీమీటరుతో బ్యాటరీ కొనల వద్ద చూడుడు. వోల్టేజి 14.4 దాటి 15 వైపు పోవుచున్నచో ఆ పెట్టెను వాపసు ఇవ్వవలసినదే.

వేడికిని వోల్టేజికిని గల సంబంధము మన ఇండ్లకు ముఖ్యము. పై అంకెలు 25 డిగ్రీల వేడికి చెప్పినవి. ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొద్ది 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 0.02 నుండి 0.03 వోల్టు తగ్గించవలెను. రేకుల కింద 40 డిగ్రీలు ఉన్నచో 0.3 నుండి 0.45 వోల్టు తగ్గింపు. వేడిని గమనించి తానే తగ్గించు కంట్రోలరు దొరికినచో అదే కొనుడు. దొరకనిచో అంకెలు మార్చు వీలున్న దానిని కొని, వేసవికి 13.3 వద్ద నిలుపుడు. అన్నిటికంటె మేలైనది బ్యాటరీని గదిలో చల్లని మూలకు మార్చుట.

పలకను ఎక్కడ పెట్టవలెను? భివండీ సుమారు 19 డిగ్రీల అక్షాంశము మీద ఉన్నది. దక్షిణమునకు ముఖము చేసి, 20 డిగ్రీల వాలుగా పెట్టినచో సంవత్సరమంతటికి సరిపోవును. మే నడుమ నుండి జూలై చివరి వరకు మాత్రము అక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా పోవును. వేసవి సెలవులకు, మొదటి వానలకు మాత్రమే పలక కావలసినవారు దానిని ఇంచుమించు బల్లపరుపుగా ఉంచవచ్చును; అయినను నీరు, మురికి నిలువకుండ కొద్ది వాలు ఉండవలెను. గాలివానకు ఎగిరిపోకుండ బిగించుట మరువరాదు. ఎగిరిన పలక పక్కింటి వారి నెత్తి మీద పడినచో బ్యాటరీ మాట అటుంచి, ఆసుపత్రి మాట వచ్చును. అద్దె ఇండ్లవారు కప్పు ఎక్కుటకు ముందు ఇంటి యజమానిని అడుగుట మర్యాద, క్షేమము కూడ.

నీడ సంగతిని చాలమంది తేలికగా తీసికొందురు. పలకలోని 36 గళ్లు ఒకే గొలుసుగా ఉన్నవి. నీళ్ల ట్యాంకు నీడ ఒక మూలన రెండు గళ్ల మీద పడినను, పోయినది రెండు గళ్ల కరెంటు కాదు. గొలుసు మొత్తము బిగిసిపోవును. ఉదయము తొమ్మిది నుండి సాయంత్రము నాలుగు వరకు నీడ పడని చోటు వెదుకవలెను. మరియు భివండీ కప్పుల మీద మన్ను ఒక్కటే కాదు, కార్ఖానాల నుండి ఎగిరిన నూలు దుమ్ము కూడ పడును. మంచు తడికి అది పలక మీద అట్టవలె అంటుకొనును. పొరుగువారి అబ్బాయికి చెప్పి, పదిహేను రోజులకు ఒకసారి తెల్లవారుజామున చల్లని నీటితో తుడిపించుడు. మధ్యాహ్నము కాలిన అద్దముపై నీరు పోయరాదు.

తగిలించు వరుస ఇది: మొదట కంట్రోలరును బ్యాటరీకి, తరువాత పలకను కంట్రోలరుకు. విప్పునప్పుడు తిరుగు వరుస. మొదట పలక, చివర బ్యాటరీ. బ్యాటరీ లేకుండ పలక మాత్రము తగిలినచో కొన్ని కంట్రోలర్లు కాలిపోవును. పని చేయుచున్నంతసేపు పలకపై మందపు గుడ్డ కప్పుడు. దానికి మన ఇండ్లలో కొరత లేదు. ఎర్ర తీగ ధనమునకు, నల్ల తీగ ఋణమునకు. ధన కొనకు జానెడు దూరము లోపలనే ఒక ఫ్యూజు పెట్టవలెను. పలక చిన్నది గదా, ఫ్యూజు ఎందుకని అనుకొనరాదు. తీగ ఎక్కడైన ఎలుక కొరికి కలిసిపోయినచో కరెంటు పలక నుండి రాదు, బ్యాటరీ నుండి వచ్చును. అది వందల ఆంపియర్లు, తీగ ఎర్రగా కాలును. కింద నూలు కండెలు ఉన్నచో తరువాతి సంగతి చెప్పనక్కరలేదు.

నిప్పు మాట వచ్చినది కనుక చెప్పుచున్నాము. నిండిన బ్యాటరీకి ఇంకను చార్జి పోయినప్పుడు నీరు విడిపోయి హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు వంతులు చేరినచో చిన్న నిప్పురవ్వకే పేలును. పడుగు బీములు, దూది దుమ్ము ఉన్న కార్ఖానాలో, కిటికీ లేని అరలో, దేవుని దీపము పక్కన బ్యాటరీ పెట్టిన ఇండ్లను మేము భివండీలో స్వయముగా చూచినాము. పడుకొను మంచము కింద పెట్టినవారు కూడ ఉన్నారు. దయచేసి దానిని కిటికీ వద్దకు, పిల్లలకు అందని చోటుకు మార్చుడు. బ్యాటరీ మీద పానా, కత్తెర వంటి ఇనుప సామాను పెట్టరాదు.

ఆమ్లమును గూర్చి నేతవారికి ప్రత్యేకముగా ఒక హెచ్చరిక. నూలు బట్టకు గంధకామ్లము శత్రువు. ఒక చుక్క పడినప్పుడు ఏమియు కనబడదు. నీరు ఆరినకొద్ది ఆమ్లము చిక్కబడి దారమును లోలోపల తినును. మొదటి ఉతుకుకు అక్కడ చిల్లి పడును. బ్యాటరీ పక్కన చుట్టి పెట్టిన పడుగు, మగ్గము ఎక్కిన తరువాత ఒకే చోట పోగులు తెగుచున్నచో, నూలు అమ్మినవానిని తిట్టుటకు ముందు ఆ సంగతి చూచుకొనుడు. చుక్క పడినచో వెంటనే పుష్కలముగా నీరు పోసి, వంటసోడా నీటితో కడుగవలెను. కంటిలో పడినచో సోడా గీడా కాదు, శుభ్రమైన నీటితో పావుగంట తక్కువ కాకుండ కడుగుచు, డాక్టరు వద్దకు పోవలెను.

పలకలు ఎప్పుడును ఆమ్లములో మునిగి ఉండవలెను. తగ్గినది నీరే కనుక డిస్టిల్డ్ వాటరే పోయవలెను, ఆమ్లము పోయరాదు. బోరు నీరు, కొళాయి నీరు పనికిరావు. ఇంటిలో త్రాగు ఫిల్టరు నీరు, ఎ.సి. యంత్రము నుండి కారిన నీరు కూడ వద్దు. ఊరికి పోవు ముందు నిండుగా చార్జి చేసి, ఆ తరువాత గుర్తు వరకు నీరు పోయుడు. ఖాళీ బ్యాటరీలో గుర్తు వరకు పోసి చార్జి పెట్టినచో పొంగి పైకి వచ్చును. అట్లు పొంగిన తడి మీద దుమ్ము చేరి, అదియే ఒక తీగవలె కొనల నడుమ కరెంటును పారించును. పై భాగమును పొడిగా తుడిచి, కొనలకు వాసెలైను పూయుడు.

బ్యాటరీ ఆరోగ్యము తెలియుటకు రెండు పరికరములు చాలును: మల్టీమీటరు, హైడ్రోమీటరు. చార్జి ఆపి, ఏమియు వాడక, ఒక రాత్రి ఊరకుంచి ఉదయము చూడవలెను. 12.6 గాని అంతకు పైన గాని ఉన్నచో నిండినది, 12.2 అయినచో సగము. 12కు దిగువ అయినచో ఆ రోజే చార్జి పెట్టవలెను. హైడ్రోమీటరు ఇంకను నమ్మకమైన సాక్షి, ఏలయన అది ఒక్కొక్క గది సంగతి వేరుగా చెప్పును. ఇన్వర్టరుకు వాడు ట్యూబులరు బ్యాటరీ నిండినప్పుడు ఆమ్లపు విశిష్ట గురుత్వము 1.240 చుట్టు ఉండును. బండ్ల, జనరేటర్ల బ్యాటరీలకు అంతకు కొంచెము పైన. ఆరు గదులలో ఒకటి మిగిలిన వాటికంటె 0.030 తక్కువ చూపినచో ఆ గదికి రోగము మొదలైనదని తెలియును. ఈ అంకెలను తేదీతో ఒక పుస్తకములో వ్రాయుడు. మూత బిగించిన బ్యాటరీలకు హైడ్రోమీటరు పనికిరాదు, వాటిని తెరువను రాదు. వోల్టేజి ఒక్కటే చూడవలెను.

జనరేటరు ఉన్న కార్ఖానాదారులకు ఒక మాట. కోతలు తగ్గిన తరువాత ఆరు నెలలకు ఒకసారి గాని దానిని ముట్టువారు లేరు. ముట్టిన నాడు సెల్ఫు తిరుగదు, ఎందుకనగా దాని బ్యాటరీ దిగిపోయినది. దానికి 10 వాట్ల పలక చాలును. ఇంత చిన్న ఖర్చుకు ఇంత వెంటనే ఫలితము ఇచ్చు పని ఇందులో మరొకటి లేదు. కొన్ని జనరేటర్లకు రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉండును. అప్పుడు రెండు పలకలను వరుసగా కలిపి, 24 వోల్టుల కంట్రోలరు వాడవలెను. రెండు బ్యాటరీలు ఒకే వయసువి కావలెను. పాతదానికి కొత్తదానిని జత చేసినచో పాతది కొత్తదానిని కూడ తనతో తీసికొనిపోవును.

“ఈ పలకలతోనే సాంచె నడుపరాదా?” అని ఒక యువకుడు అడిగినాడు. లెక్క చూడుడు. సాంచె మోటారు ఒక అశ్వశక్తి అనుకొందము, 746 వాట్లు. మోటారులో పోవు నష్టముతో ఇంకను ఎక్కువ. 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉన్నది మొత్తము 1800 వాట్-గంటలు. బ్యాటరీ బతుకవలెనన్నచో సగమే వాడవలెను. ఒక్క సాంచె ఒక గంట కూడ నడువదు. బ్యాటరీ దీపమునకు, ఫ్యానుకు, లెక్కల కంప్యూటరుకు మాత్రమే. సౌరశక్తితో సాంచెలు నడుపుట బ్యాటరీ లేకుండ, కరెంటు లైనుకు కలిపి చేయు పెద్ద ఏర్పాటు. 2017 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వము భివండీలో ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకములో సాంచెలకు సౌరశక్తి సహాయము ఒక భాగముగా ఉండెను. ఆ పథకపు కాలము ముగిసినది. దానిని గూర్చి వేరే వ్రాయవలెను.

చచ్చిన బ్యాటరీని పాత సామాను వానికి ఇవ్వక, కొత్తది కొనునప్పుడు దుకాణములో మార్పిడికి ఇవ్వుడు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరింపజేయు బాధ్యత తయారీదారులపై ఉన్నది. పెరటిలో పగులగొట్టి సీసము కరిగించు చోట్ల ఆ పొగ, ఆ దుమ్ము పిల్లల మెదడుకు హాని చేయును. నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునని అటువంటి చేతులకు ఇవ్వరాదు.

మా బావమరిది ఫిబ్రవరిలో కొత్త బ్యాటరీ తెచ్చినాడు. మేము ఉత్తరములో వ్రాసి పంపిన విధముగా 20 వాట్ల పలకను పిట్టగోడకు బిగించి, ఏప్రిలు నడుమ ఇన్వర్టరు ఆపి, ఋణ తీగ విప్పి, ఇంటిల్లిపాది ఊరికి వచ్చినాడు. జూను రెండవ వారములో తిరిగి పోయిన నాడు సాయంత్రమే ఫోను చేసినాడు. “బావా, ముందుగాల మీటరు చూడుమన్నవు గదా, చూసిన. పన్నెండు పాయింటు ఏడు.” అది పలక తగిలి ఉండగా చూచినదేమో అని అడిగినాము. పలక విప్పి, రాత్రి ఊరకుంచి, తెల్లవారి మళ్లీ చూచినాడు: 12.7. హైడ్రోమీటరులో అయిదు గదులు 1.240 చూపినవి, ధన కొనకు దగ్గరి గది ఒక్కటి 1.225. అది ఇంకను భయపడవలసిన భేదము కాదు. ఒకసారి నిండుగా చార్జి పెట్టి, ఆ గదిని నెల తరువాత మళ్లీ చూచి, అంకె వ్రాసి పంపుమని చెప్పినాము.